43.5 దగ్గరే ఆగిన అంకె: ట్రాక్ బండిలో పాత తరమా, కొత్త తరమా?

రోడ్డుతో పాటు రేసు ట్రాక్ మీద కూడా నడపగల కేటీఎం ఆర్సీ 390 మోటారు సైకిలు మన దేశంలో 2014 సెప్టెంబరులో అమ్మకానికి వచ్చింది. 373 సీసీ ఒంటి సిలిండర్ ఇంజను, 43.5 హార్స్‌పవర్, ధర 2 లక్షల పైచిలుకు. దాని కొత్త తరం 2022 మే నెలలో వచ్చింది. ఇంజను అదే 373 సీసీ, శక్తి అదే 43.5 హార్స్‌పవర్, అప్పటి ధర మాత్రం 3.14 లక్షలు. యమహా ఆర్15 లెక్క ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 2018లో వచ్చిన మూడో వెర్షన్ 19.3 హార్స్‌పవర్ ఇచ్చేది. 2021 సెప్టెంబరులో వచ్చిన నాలుగో వెర్షన్ ఇచ్చేది 18.4. కాగితం మీద చూస్తే కొత్త బండి పాతదానికంటే ఒక మెట్టు కిందే ఉంది.

హనుమకొండలోనైనా, కరీంనగర్‌లోనైనా, మంచిర్యాలలోనైనా ఇలాంటి బండి కొనబోయే కుర్రాడు మొదట అడిగేది ఎంత వేగం పోతుందని. తరం ఎంచుకోవడానికి ఆ ప్రశ్న పనికిరాదు. తిన్నగా సాగే రోడ్డు మీద ఈ బండ్లలో పాతదీ కొత్తదీ దాదాపు పక్కపక్కనే పోతాయి. తేడా బయటపడేది మూడు చోట్ల: గట్టిగా బ్రేకు పట్టినప్పుడు, మలుపులో వంచినప్పుడు, కింద పడినప్పుడు. కొత్త తరానికి అదనంగా పెట్టే డబ్బంతా ఆ మూడు సందర్భాలకే పోతుంది. కాబట్టి ఆ మూడింటి దగ్గర తనకు ఏం కావాలో తేల్చుకున్నవారికే ఈ బేరంలో దారి దొరుకుతుంది.

వరంగల్ ప్రాంతంలో పాత బండి వయసు చాలావరకు నంబరు ప్లేటే చెప్పేస్తుంది. ఏపీ 36 అని ఉంటే రాష్ట్ర విభజనకు ముందుది. టీఎస్ 03 అని ఉంటే 2014 జూన్ తర్వాతిది. టీజీ 03 అయితే 2024 మార్చి తర్వాతిది. ఆర్15 మొదటి, రెండో వెర్షన్లు ఏపీ 36 ప్లేటుతో ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిలో 2008, 2009, 2010 నాటివి పదిహేనేళ్లు దాటాయి గనుక రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించి ఉండాలి. అది చేయించారో లేదో చూడకుండా డబ్బు చేతిలో పెడితే, తర్వాత రవాణా కార్యాలయం చుట్టూ తిరగాల్సింది కొన్నవారే. ఆర్సీ 390 వచ్చేనాటికి టీఎస్ మొదలైపోయింది కాబట్టి, వరంగల్‌లో దాని చరిత్ర అంతా టీఎస్, టీజీ ప్లేట్ల కిందే ఉంటుంది.

ఇన్నేళ్లలో ఇంజను ఎందుకు ఎదగలేదు? సమాధానం పొగ గొట్టంలో ఉంది. 2017 ఏప్రిల్‌లో బీఎస్4, 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. పొగలోని విషవాయువులను విరగ్గొట్టే క్యాటలిటిక్ కన్వర్టర్ ఇంజను ఊపిరి వదిలే దారికి అడ్డుపడుతుంది. అందుకే ఆర్15 మూడో వెర్షన్ బీఎస్6కు మారేసరికి 19.3 నుంచి 18.6కు దిగింది. ఆ తరం ఇంజనులో గొప్ప పని ఒకటి ఉంది. నిమిషానికి 7,400 చుట్లు దాటగానే వాల్వులను తెరిచే కామ్ మారిపోతుంది. తక్కువ వేగంలో సన్నగా, ఎక్కువ వేగంలో ధారాళంగా గాలి తీసుకునే ఏర్పాటు అది. ఊళ్లో మర్యాదగా నడిచి, ట్రాక్ మీద గొంతు విప్పే గుణం దానివల్లే వచ్చింది. నాలుగో వెర్షన్‌లోనూ అదే ఇంజను ఉంది. కేటీఎం వారు కొత్త ఆర్సీలో గాలి పెట్టెను 40 శాతం పెద్దది చేశారు. దానివల్ల అసలు శక్తి పెరగకపోయినా, టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, 37 న్యూటన్ మీటర్లకు చేరింది. మలుపులోంచి బయటపడేటప్పుడు ఒక గేరు పైన ఉన్నా బండి లాగుతుంది. నిబంధనలు తినేసినదాన్ని ఇంజనీర్లు మరో చేత్తో తిరిగి తెచ్చారు. ఇది చిన్న పని కాదు, కానీ కొనేవారికి కంటికి కనిపించదు.

ఇక బ్రేకు. అసలు విషయం ఇక్కడే ఉంది గనుక కాస్త ఆగి చూడాలి.

గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఆ వేగంలో బండిని ఆపేదీ తిప్పేదీ రెండు టైర్ల కింద రోడ్డుకు ఆనే కాస్తంత రబ్బరే. ఆ రబ్బరు పట్టుకు ఒక హద్దు ఉంది. ఆ పట్టును బ్రేకుకూ మలుపుకూ పంచుకోవాలి, నెల జీతాన్ని అద్దెకూ సరుకులకూ పంచుకున్నట్టే. పొడి తారు మీద వేడెక్కిన మంచి టైరు, బండి బరువుకు సమానమైన పట్టు ఇస్తుందనుకుందాం. బండి నిటారుగా ఉంటే ఆ పట్టంతా బ్రేకుకే దొరుకుతుంది. 30 డిగ్రీలు వంచితే బ్రేకుకు 80 శాతం చిల్లర మిగులుతుంది. 40 డిగ్రీలు వంచితే మిగిలేది సగానికి కాస్త ఎక్కువ. 45 డిగ్రీల దగ్గర ఇక ఏమీ మిగలదు, అంతా మలుపే మింగేస్తుంది. 30కీ 45కీ మధ్య ఎంత వేగంగా కరిగిపోతుందో చూడండి. మలుపులో భయపడి బ్రేకు నొక్కినవారు పడిపోవడానికి కారణం ఆ లెక్కే.

పాత ఆర్సీ 390లో మామూలు ఏబీఎస్ ఉంది. చక్రం బిగుసుకుపోతున్నదని గమనించగానే అది బ్రేకు ఒత్తిడిని వదిలి, మళ్లీ పట్టి, మళ్లీ వదులుతుంది. బండి నిటారుగా ఉన్నప్పుడు అది దేవుడిచ్చిన వరమే. వంగి ఉన్నప్పుడు మాత్రం దానికి ఆ సంగతి తెలియదు. చక్రం జారడం మొదలయ్యాక అది మేలుకొంటుంది, వంగిన ముందు చక్రానికి ఆ క్షణం చాలు చేయి జారిపోవడానికి. కొత్త తరంలో బండి ఎంత వంగి ఉందో కొలిచే పరికరం ఉంది. అది చెప్పే కోణాన్ని బట్టి, రైడరు చేయి ఎంత గట్టిగా నొక్కినా, మొదటినుంచే ఒత్తిడిని టైరు మోయగలిగినంతకే కడుతుంది. వెనుక చక్రం గిర్రున తిరిగిపోకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా ఆ కోణాన్ని బట్టే పనిచేస్తుంది. ధరలో పెరిగిన లక్షలో ఎక్కువ విలువైనది ఈ పరికరమే. రంగుల తెర, ఫోను జోడింపు దాని పక్కన నిలబడవు.

అయితే ఈ పరికరం లేని పట్టును పుట్టించలేదు. కోతల కాలంలో ములుగు రోడ్డు మీద, నర్సంపేట రోడ్డు మీద సగం దారి వడ్లు ఆరబోసి ఉంటాయి. పొలంలోంచి వచ్చిన ట్రాక్టరు చక్రాలు రాల్చిన మట్టి పెళ్లలు మలుపులోనే ఎదురవుతాయి. గింజల మీద వంగి వెళ్లే ముందు చక్రానికి ఏ ఎలక్ట్రానిక్స్ తోడు రావు. గింజ టైరు కింద గోలీలా దొర్లుతుంది, అక్కడ పట్టు దాదాపు లేదు, పంచడానికి జీతమే లేదన్నమాట. కొత్త బండి కొన్నాం కదా అని లక్నవరం మలుపుల్లో వేగం పెంచేవారు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. వానలో రోడ్డు మీది తెల్ల గీతలు, వంతెన అతుకుల దగ్గరి ఇనుప పట్టీలు, ఇలాంటి వాటి మీద మాత్రం వంపు తెలిసిన ఏబీఎస్ నిజంగా ఆదుకుంటుంది. అక్కడ పట్టు తగ్గుతుంది తప్ప పూర్తిగా పోదు, మిగిలిన కాస్తను పొదుపుగా ఖర్చు చేయడమే ఆ పరికరం పని.

పాత తరం అని ఒక్క మాటలో తేల్చేస్తే ఇంకో పొరపాటు జరుగుతుంది. ఆర్సీ 390 పాత తరంలోనే రెండు కాలాలు ఉన్నాయి. 2014 నుంచి 2016 వరకు వచ్చినవాటిలో ముందు బ్రేకు డిస్కు 300 మిల్లీమీటర్లు, యాక్సిలరేటర్‌కు తీగ, సైలెన్సర్ ఇంజను పొట్ట కింద. 2017లో డిస్కు 320 మిల్లీమీటర్లు అయింది, తీగ స్థానంలో ఎలక్ట్రానిక్ థ్రాటిల్ వచ్చింది, సైలెన్సర్ పక్కకు వచ్చింది. ట్రాక్ మీద ఒకే మలుపు దగ్గర ఇరవైసార్లు బ్రేకు పట్టినప్పుడు ఆ 20 మిల్లీమీటర్ల విలువ తెలుస్తుంది. పెద్ద డిస్కు వేడిని ఎక్కువ చోటికి పంచుతుంది, బ్రేకు లీవరు చివరి దాకా ఒకే గట్టిదనంతో ఉంటుంది. చిన్న డిస్కుతో నాలుగైదు రౌండ్ల తర్వాత లీవరు మెత్తబడుతున్నట్టు అనిపిస్తే బ్రేకు ద్రవం కాగిపోతున్నదని అర్థం. కాబట్టి పాతది కొనేవారు 2017 తర్వాతిదాన్నే వెతకడం మంచిది. 2014 బండి 20 వేలు తక్కువకు వస్తోందని ముచ్చటపడితే, ఆ డబ్బు బ్రేకులకే పోతుంది.

ఆర్15లో కూడా ఇలాంటి గీత ఒకటి ఉంది, అది మరింత ముఖ్యమైనది. 2018లో అమ్మిన మూడో వెర్షన్ బండ్లలో ఏబీఎస్ లేదు. 2019 నుంచి రెండు చక్రాలకూ ఏబీఎస్ వచ్చింది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, పాత బండ్ల బేరంలో అమ్మేవారు చాలాసార్లు ఆ సంగతి ఎత్తరు. ముందు చక్రం మధ్యలో, డిస్కు పక్కన, పళ్లున్న చిన్న ఇనుప చక్రం ఉందేమో చూడాలి. అది ఉంటే ఏబీఎస్ ఉంది. లేకపోతే ఆ బండిని రోడ్డు కోసం కొనవద్దు, ధర ఎంత తక్కువైనా సరే. ఈ మాట చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు.

నాలుగో వెర్షన్ ఆర్15 అదనంగా ఇచ్చేవి ముందు చక్రాన్ని పట్టుకునే తలకిందుల ఫోర్కులు, ట్రాక్షన్ కంట్రోల్, కొన్ని రకాల్లో క్లచ్చు పట్టకుండా పై గేరు వేసే క్విక్‌షిఫ్టర్. 18 హార్స్‌పవర్ బండికి పొడి రోడ్డు మీద ట్రాక్షన్ కంట్రోల్ అవసరం చాలా అరుదు, వెనుక చక్రాన్ని జారించేంత బలం దానికి లేదు. ఫోర్కుల విలువ మాత్రం నిజమైనది. మామూలు ఫోర్కులో లావైన గొట్టం కింద, సన్నది పైన ఉంటుంది. తలకిందులది దానికి తిరగేసి, లావైన గొట్టమే పై భాగంలో బిగించి ఉంటుంది. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు ముందు భాగం వంగకుండా నిలబడుతుంది, చక్రం ఏ గీత మీద ఉందో చేతులకు స్పష్టంగా తెలుస్తుంది. ట్రాక్ నేర్చుకునేవారికి ఆ కబురే గురువు. అయినా మూడుకూ నాలుగుకూ మధ్య దూరం ఆర్సీ పాత, కొత్త తరాల మధ్య ఉన్నంత పెద్దది కాదు. మంచి స్థితిలో ఉన్న 2019 లేదా 2020 ఆర్15ను చేతిలో పెట్టుకుని నాలుగో వెర్షన్ కోసం అప్పు చేయడం అనవసరం.

టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310 మాత్రం ఈ లెక్కకు అందదు. 2017 డిసెంబరులో 34 హార్స్‌పవర్‌తో మొదలై, 2024 నాటికి 38కి ఎదిగింది. అక్కడ కొత్తదనానికి ఇంజను బలం కూడా తోడైంది కాబట్టి, పాతదానివైపు మొగ్గడానికి ధర తప్ప మరో కారణం తక్కువ.

పాత బండి బాగా నేర్పుతుంది, కొత్తది రైడరును బద్ధకస్తుణ్ని చేస్తుంది అనే మాట ఈ రంగంలో గట్టిగా వినిపిస్తుంది. ఇందులో సగం నిజం ఉంది. ఎలక్ట్రానిక్ అడ్డుకట్ట లేని బండి తప్పును వెంటనే చెప్పేస్తుంది. బ్రేకు ఒక్కసారిగా నొక్కితే ముందు భాగం కుంగి బెదిరిస్తుంది, యాక్సిలరేటర్ తొందరగా తిప్పితే వెనుక చక్రం కదులుతుంది. అలా నేర్చుకున్న చేతులు ఏ బండి మీదైనా మెత్తగా ఉంటాయి. రెండో సగం సంగతి వేరు. నేర్చుకోవడానికి ముందు నేర్చుకునేవారు బండి మీద మిగలాలి. మొదటి ట్రాక్ రోజున చేయి వణుకుతుంది, కన్ను దగ్గరికే చూస్తుంది, మలుపు మధ్యలో బ్రేకు గుర్తొస్తుంది. ఆ రోజు వంపు తెలిసిన ఏబీఎస్ ఒక ఎముకను కాపాడినా దాని ధర వసూలైనట్టే. రోజూ కాలేజీకో ఆఫీసుకో అదే బండి మీద వెళ్తూ, ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్‌కు వెళ్లాలనుకునేవారికి కొత్త తరమే సరి. 13.7 లీటర్ల ట్యాంకు కూడా వారికి అక్కరకొస్తుంది. పాత ఆర్సీలో 10 లీటర్లు కూడా పట్టేది కాదు, హైదరాబాద్ పోయి రావాలంటే మధ్యలో బంకు వెతుక్కోక తప్పేది కాదు.

ప్రపంచంలో ఖరీదైన ట్రాక్ కార్ల దగ్గరా ఇదే తగవు నడిచింది. పోర్షా 911 జీటీ3 కారుకు 2013లో చేతి గేర్లు తీసేసి, వాటికంటే వేగంగా గేరు మార్చే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మాత్రమే ఇచ్చారు. గడియారం ప్రకారం అది మెరుగైన కారు. అయినా చేతి గేర్లు కావాలన్న కోరిక కొనేవారిలో చల్లారలేదు. 2017లో కంపెనీ వాటిని మళ్లీ తెచ్చింది. వేగం పెరిగినంత మాత్రాన ఆనందం పెరగదని అంత పెద్ద కంపెనీకీ తెలిసివచ్చింది. కాజీపేట కుర్రాడు పాత ఆర్సీ హ్యాండిల్ మీద వంగి, కింద దూరంగా ఉన్న పిడులు పట్టుకున్నప్పుడు కలిగే ఆనందం ఆ జాతిదే. కొత్త ఆర్సీలో పిడులు కాస్త పైకి వచ్చాయి. నడుముకు సుఖం, ముందు చక్రం మీద బరువు కొంచెం తక్కువ. మలుపులో ముందు టైరు ఏమంటోందో వినాలనుకునేవారికి పాత భంగిమే నచ్చుతుంది. దీన్ని చాదస్తమని కొట్టిపారేయలేం.

ఇప్పుడు పడిపోవడం గురించి. ట్రాక్ మీదకు వెళ్లే ప్రతివారూ ఏదో ఒక రోజు పడతారు, లెక్క అక్కడి నుంచే మొదలుపెట్టాలి. మన దేశంలో మామూలు మోటారు బీమా రేసులకూ వేగ పరీక్షలకూ వర్తించదు, పాలసీలో వాడకం హద్దులు చెప్పే చోట ఆ మాట రాసి ఉంటుంది. ట్రాక్ మీద విరిగిన ప్రతి ముక్కకూ సొంత జేబే దిక్కని లెక్క వేసుకోవాలి. కొత్త ఆర్సీ పడితే తెర పగలొచ్చు, ఒంటి మీది ప్లాస్టిక్ తొడుగు (ఫెయిరింగ్) పోవచ్చు, కానీ వెనుక సీటు మోసే చట్రం బోల్టులతో బిగించినది కాబట్టి వంగితే విప్పి కొత్తది వేసుకోవచ్చు. పాత ఆర్సీలో ఆ భాగం అసలు చట్రంతోనే కలిసి ఉంటుంది. తోక వంగిందంటే చట్రమే వంగినట్టు. వంచి సరిచేసిన చట్రం మళ్లీ ఎప్పటికీ ముందరిలా ఉండదు, మార్చాలంటే చాసిస్ నంబరు తలనొప్పి. మిగతా అన్ని ముక్కల దగ్గరా పాతదే చవక. ఈ ఒక్క చోట కొత్తది గెలుస్తుంది, చాలామంది గమనించని చోటు ఇదే.

అందుకే పాతదాన్ని చూడబోయేటప్పుడు కళ్లతో పాటు వేళ్లు కూడా పనిచేయాలి. హంటర్ రోడ్డు పక్క షెడ్డులో బండి నిలబెట్టి ఉందనుకుందాం. అమ్మేవారు ముందుగా ఇంజను మోగించి వినిపిస్తారు. దాన్ని ఆపమని చెప్పి, మెకానిక్ చేత ముందు చక్రం నేల వదిలేలా ఎత్తించాలి. హ్యాండిల్‌ను వేలి కొసతో ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తోయాలి. సరిగ్గా మధ్యలోకి రాగానే చిన్న గుంటలో పడ్డట్టు ఆగితే, స్టీరింగు బేరింగులు దెబ్బతిన్నాయి. చక్రాన్ని గాలిలో లేపి నడిపే సరదా ఉన్న చేతుల్లో బండి తిరిగిందనడానికి అది తొలి సాక్ష్యం. తర్వాత హ్యాండిల్‌ను చివరికంటా తిప్పి, చట్రానికి తగిలే ఆపుడు ముక్క దగ్గర రంగు లేచిందా, లోహం నొక్కుకుపోయిందా చూడాలి. మామూలు వాడకంలో అక్కడ అంత దెబ్బ తగలదు. గట్టిగా పడిన బండికే తగులుతుంది. ఫెయిరింగ్ కొత్తగా మెరుస్తూ, కాలు పెట్టే పిడుల కొసలు మాత్రం ఒకవైపు అరిగి ఉంటే, ప్లాస్టిక్ మార్చి ఇనుమును మరిచిపోయారన్నమాట.

ఫోర్కు గొట్టం మీద వేలు రాస్తే నూనె జిడ్డు తగలకూడదు. చైనును వెనుక పళ్ల చక్రం నుంచి వెనక్కి లాగితే పన్ను కనిపించకూడదు. డిస్కు అంచును గోటితో తాకితే మెట్టులా తగులుతుందంటే అది అరిగిపోయింది. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల ఎంత తక్కువ ఉన్నా ఆరేళ్ల రబ్బరు ట్రాక్‌కు పనికిరాదు, మన ఎండలకు అది గట్టిపడి పోతుంది. ఆఖరున ఇంజను నడిపి, నిలబెట్టే ఉంచి, రేడియేటర్ ఫ్యాను దానంతట అది తిరగడం మొదలయ్యేదాకా ఓపికగా వేచి ఉండాలి. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీల దాకా వెళ్లే ఎండలో 373 సీసీ ఒంటి సిలిండరును బతికించేది ఆ ఫ్యానే. అమ్మేవారు ఐదు నిమిషాలు కాకముందే ఆపేయబోతే ఆ తొందర ఎందుకో అడగాలి.

కాగితాల్లో యజమాని పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు, అప్పు మీద తీసుకున్నదైతే అది తీరిందని చెప్పే ఫారం 35, వేరే రాష్ట్రం నుంచి వచ్చినదైతే నిరభ్యంతర పత్రం. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ పేజీలో బండి నంబరు కొట్టి చూస్తే బాకీ ఉన్న జరిమానాలతో పాటు బండి ఎలాంటి బతుకు బతికిందో కూడా తెలుస్తుంది. అతివేగం చలాన్లు వరుసగా ఉంటే, ఇంటి నుంచి కాలేజీకి తప్ప వాడలేదన్న మాట ఎందుకు నమ్మాలి?

పెట్రోలు గురించి కూడా ఒక ముక్క. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్ల గొట్టాలు, సీళ్లు దానికి తట్టుకునేలా వచ్చాయి. అంతకు ముందువి నడవకుండా పోవు. కానీ ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, ట్రాక్ కోసం మాత్రమే ఉంచి నెలల తరబడి నిలబెట్టే పాత బండికి ట్యాంకు తుప్పు, ఇంధన పంపు జబ్బు త్వరగా వస్తాయి. రబ్బరు గొట్టాలను ఏడాదికోసారి చూడాలి.

ధరల దగ్గర 2025 సెప్టెంబరు 22 ఒక పెద్ద మలుపు. ఆ రోజు నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, అంతకు మించినవాటికి 40 శాతం అయింది. కొత్త ఆర్15 కొనేవారికి ఇది నేరుగా లాభం, దాంతో పాత ఆర్15 అమ్మేవారు అడిగే ధర కూడా దిగాలి. దిగకపోతే బేరం ఆడాల్సిందే. 373 సీసీ ఆర్సీ మీద మాత్రం పన్ను పెరిగింది. ఆ భారం కొనేవారి మీద పడితే పాతదానికీ కొత్తదానికీ మధ్య అగాధం అక్కడ వెడల్పవుతుంది. మరో లెక్క బీమాది. బండి విలువను కంపెనీలు ఏటా తగ్గించుకుంటూ వెళ్తాయి, మూడో ఏడు నిండేసరికి 30 శాతం, ఐదో ఏడు నిండేసరికి 50 శాతం తరుగు కడతారు. అంటే ఐదేళ్ల పాత బండి కొన్నవారు ఆ పెద్ద తరుగును మొదటి యజమాని భుజాన వదిలేసినట్టే. ఆ తర్వాత విలువ నెమ్మదిగానే దిగుతుంది. రెండేళ్లు ట్రాక్ మీద వాడి అమ్మినా పోయేది తక్కువ.

వరంగల్ నుంచి వెళ్లడానికి, మోటారు సైకిళ్లకు పేరున్న పాత ట్రాక్ అంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 3.7 కిలోమీటర్ల చుట్టు. కోయంబత్తూరులో 2.1 కిలోమీటర్ల కరి స్పీడ్‌వే ఉంది. కాజీపేట, వరంగల్ స్టేషన్లు రెండూ చెన్నై ప్రధాన రైలు మార్గం మీదే ఉండటం మనవారికి కలిసొచ్చే సంగతి. ట్యాంకులో చుక్క మిగలకుండా పెట్రోలు తీసి, అద్దాలు విప్పి, గోనె సంచులు చుట్టి కుట్టి, పార్సిల్ ఆఫీసులో బండిని అప్పగించవచ్చు. ఆరు వందల కిలోమీటర్లకు పైగా దూరం ఆ వంగిన భంగిమలో నడుపుకుంటూ పోతే, ట్రాక్ చేరేసరికి నడుములో సత్తువ ఉండదు. ఇక్కడ కూడా పాత తరానికి ఒక సౌలభ్యం ఉంది: పార్సిల్ పెట్టెలో ఫెయిరింగ్ గీసుకుపోయినా గుండె కోతగా ఉండదు.

రోడ్డు కోసం, వాన కోసం, రోజువారీ తిరుగుడు కోసం కొనేవారు కొత్త ఆర్సీ తీసుకోవాలి, ఆ ధర అందకపోతే ఏబీఎస్ ఉన్న ఆర్15 తీసుకోవాలి. ట్రాక్ నేర్చుకోవడమే అసలు కోరిక అయి, రోజూ తిరగడానికి ఇంట్లో వేరే బండి ఉన్నవారికి 2017 తర్వాతి పాత ఆర్సీ 390, చట్రం వంగనిది, సరైన ఎంపిక. మిగిలిన లక్షలో మొదట రెండు కొత్త టైర్లు, బ్రేకు ప్యాడ్లు, కొత్త బ్రేకు ద్రవం వేయించాలి. తర్వాత ఒంటికి సరిపోయే తోలు సూటు, చేతి తొడుగులు, చీలమండ దాటే బూట్లు కొనుక్కోవాలి. ఇంకా మిగిలితే శిక్షకుడు ఉండే ట్రాక్ రోజులకు పేరు ఇవ్వాలి. మొదటి రోజు ఉదయం చుట్లలో టైర్లు వేడెక్కేదాకా వంచకుండా, బ్రేకు పట్టే చోటును కంటితో గుర్తుపెట్టుకుంటూ వెళ్లాలి.